గద్దర్ పాట – మన చాళ్ల మాట

ఉగాది నాడు పంచాంగం వినడం మన పెద్దలు పెట్టిన ఆచారం. రాబోయే యేటి ఆదాయవ్యయాలు వినే ముందు, గడచిన యేళ్లలో మనకు మిగిలినదేమిటో ఒకసారి లెక్క చూసుకోవడం కూడ మంచిదే. బొంబాయి తెలుగువారికి మిగిలిన ఆస్తులలో పాట ఒకటి. పొలము, ఇల్లు ఊళ్లో విడిచి, తాపీ ఒకటి చేతబట్టుకొని వచ్చిన మన తాతలు ఖర్చు లేకుండ వెంట తెచ్చుకొన్నది అదొక్కటే. అందుచేత ఈ సంచికలో ఒక పాటగాని గురించీ, ఆయన విషయమై మన గల్లీలలో నేటికీ సాగుతున్న వాదోపవాదాల గురించీ నాలుగు మాటలు వ్రాయబూనినాను.

2023 ఆగస్టు 6వ తేది ఆదివారం. మధ్యాహ్నం దాటిన తరువాత హైదరాబాదు నుండి గద్దర్ గారి మరణవార్త వచ్చింది. సెలవు దినం కావున అందరూ ఇళ్ల వద్దనే ఉన్నారు. సాయంకాలానికి మా చాల్ మెట్ల మీద పదిమంది చేరారు. బీడీలు చుట్టే చాటలు పక్కకు నెట్టి ఆడవాళ్లు కూడ వరండాలో నిలబడ్డారు. ఎవరో ఫోనులో పాట పెట్టారు. ఒక ముసలాయన కండువాతో కళ్లు తుడుచుకొన్నాడు. ఆయన మనుమడు నాలుగవ తరగతి చదువుతున్నాడు. వానికి బడిలో ఇంగ్లీషు, వీధిలో హిందీ, ఇంట్లో కాస్త తెలుగు. వాడు తాత చెయ్యి పట్టుకొని, "తాతా, గద్దార్ అంటే దగా చేసెటోడు గదా! గసొంటోడు సచ్చిపోతే నువ్వెందుకు ఏడుస్తున్నవ్?" అని అడిగాడు.

నవ్వినవారు నవ్వారు. కాని ఆ ప్రశ్నకు సరియైన జవాబు మాలో ఎవరికీ వెంటనే తోచలేదు. హిందీ సినిమాలలో ద్రోహిని గద్దార్ అని తిట్టడం వాడు విన్నాడు. వాని తప్పేమున్నది? వానికి చెప్పవలసిన జవాబును వెతుక్కొంటూ పోతే అది ఇంత దూరం సాగింది.

ముందుగా పేరు సంగతి. గదర్ అనే ఉర్దూ మాటకు తిరుగుబాటు అని అర్థం. గద్దార్ అంటే ద్రోహి. రెండును ఒకే అరబ్బీ ధాతువు నుండి పుట్టిన మాటలు. అధికారంలో ఉన్నవానికి తిరుగుబాటు ద్రోహంగానే కనబడుతుంది గదా! 1857లో జరిగిన దానిని మన ముసల్మాను సోదరులు నేటికీ గదర్ అనే వ్యవహరిస్తారు. మన గాయకునికి ఆ పేరు రావడానికి కారణం మాత్రం ఇంకొకటి ఉన్నది. అది వలస వచ్చిన మనబోటివారికి మరీ ఆసక్తికరమైనది.

1913లో అమెరికా పడమటి తీరంలో కఱ్ఱకోత మిల్లులలో, తోటలలో కూలి చేసుకొనే పంజాబీలు, చదువుకై వెళ్లిన కొందరు విద్యార్థులు కలసి బ్రిటిషు ప్రభుత్వంపై తిరుగుబాటుకు ఒక పార్టీని స్థాపించారు. ఆ సంవత్సరం నవంబరు 1న శాన్ ఫ్రాన్సిస్కో నుండి 'గదర్' అనే పత్రికను వెలువరించారు. పత్రిక పేరే పార్టీకి పేరయింది. ఆ పత్రికలోని పాటలను, పద్యాలను ఏరి 'గదర్ ది గూంజ్' అనే సంపుటాలు అచ్చువేశారు. తిరుగుబాటు ప్రతిధ్వని అని దాని అర్థం. అలసిన కూలీలు రాత్రివేళ ఒకచోట చేరి వాటిని పాడుకొనేవారు. ఆ పార్టీలో మన తెలుగువారు కూడ ఉన్నారు. చదువుకోసం అమెరికా వెళ్లిన దరిశి చెంచయ్య గారు అందులో చేరి, పిమ్మట ఆ అనుభవాలను 'నేనూ నా దేశం' అనే స్వీయచరిత్రలో వ్రాసిపెట్టారు. ఇంటికి దూరమైన కూలిజనం పెట్టుకొన్న పేరు అరువదేళ్ల తరువాత తెలంగాణలో ఒక పాటల సంపుటికి పేరయింది. ఆ సంపుటి పేరే దానిని వ్రాసినవానికి పేరై నిలచింది.

ఆయన అసలు పేరు గుమ్మడి విఠల్ రావు. 1949లో మెదక్ జిల్లా తూప్రానులో ఒక పేద దళిత కుటుంబంలో జన్మించారు. తల్లి లచ్చుమమ్మ, తండ్రి శేషయ్య. నిజామాబాదులోను, హైదరాబాదులోను చదువుకొన్నారు. 1969 తెలంగాణ ఉద్యమం నాటికే బుర్రకథ చెప్పడం ఆయనకు అలవడింది. ఆ రోజులలో చిత్రకారుడు, తరువాత సినిమా దర్శకుడుగా పేరుపొందిన బి. నర్సింగరావు గారు ఆర్ట్ లవర్స్ అనే సంస్థను నడుపుతూ ఈ యువకుని చేరదీశారు. ఆయన ప్రోత్సాహంతో 1971లో వ్రాసిన మొదటి పాట 'ఆపర రిక్షా'. 1972లో జననాట్యమండలి పుట్టింది. అక్కడి నుండి ఆయన పాట, ఆ మండలి పాట ఒకటిగానే నడిచాయి.

ఆ తొలి పాట మాటెత్తితే మా చాల్ ముసలాయన ఒకమాట చెబుతూ ఉంటాడు. "మా బొంబాయిల సైకిల్ రిక్షా ఏడున్నది? మేం హాత్‌గాడీ గుంజెటోళ్లం. అయినా ఆ పాట ఇంటే మా పాటే అనిపిచ్చేది." ఈ దీవి నగరంలో సైకిలు రిక్షాలు నడవలేదు, నేడు ఆటో రిక్షాలకు కూడ ఇటు ప్రవేశం లేదు. భెండీబజారు నుండి నల్‌బజారు వరకు సరుకంతా తోపుడు బండ్ల మీదనే సాగింది. బండి పేరు వేరైనా లాగే భుజం ఒకటే గనుక పాట సులభంగా అతికింది. ఒక పాట సంగతి, అది పుట్టిన ఊరు దాటిన తరువాతనే తెలుస్తుందని నాకు అనిపిస్తుంది.

1975లో విఠల్ రావు గారు పరీక్ష వ్రాసి కెనరా బ్యాంకులో గుమాస్తాగా చేరారు. పగలు బ్యాంకు లెక్కలు, రాత్రి పాటలు. నెల జీతం విలువ తెలిసిన మనకు ఆ తరువాతి సంగతి తేలికగా తోచదు. 1984లో ఆ ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి పూర్తిగా పాటకే అంకితమయ్యారు. ఈ మధ్యలోనే 'మా భూమి' చిత్రం వచ్చింది. గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో నర్సింగరావు గారు, రవీంద్రనాథ్ గారు నిర్మించిన ఆ చిత్రం 1980 మార్చిలో విడుదలైంది. అందులో గొంగడి కప్పుకొని 'బండెనక బండి కట్టి' అని పాడిన వ్యక్తిని తెలుగు దేశమంతా మొదటిసారి తెరమీద చూచింది.

1985 జులైలో ప్రకాశం జిల్లా కారంచేడులో దళితులను వెంటాడి చంపారు. ఆ దారుణానికి వ్యతిరేకంగా గద్దర్ గారు గొంతెత్తారు. ఆ యేడే అజ్ఞాతవాసానికి వెళ్లవలసి వచ్చింది. సుమారు అయిదేళ్లు మనిషి కనబడలేదు గాని పాట మాత్రం ఆగలేదు. జననాట్యమండలి బృందం మహారాష్ట్ర, మధ్యప్రదేశ్, బీహారు, ఒరిస్సాలలో తిరిగి పాడింది. ఊళ్లలో క్యాసెట్లు చేతులు మారాయి. మన గల్లీలకు కూడ అవి అట్లే వచ్చాయి. 1982 మిల్లు సమ్మె తరువాత ఊళ్లకు పోయి పని దొరకక తిరిగి వచ్చినవారు, పండుగకు పోయి వచ్చినవారు బట్టల మూటలో జొన్నపిండితో పాటు ఒక క్యాసెట్టు తెచ్చేవారు. టేపు రికార్డరు ఉన్న గది చాల్ మొత్తానికి ఒకటో రెండో. తలుపు దగ్గరగా వేసి, శబ్దం తగ్గించి వినేవారు. పోలీసులు విందురేమోనన్న భయం కొంత, పక్కగదిలో రాత్రి పాళీ ముగించి పడుకొన్నవారి నిద్ర చెడునేమోనన్న భయం కొంత.

1990 ఫిబ్రవరిలో ఆయన బయటికి వచ్చారు. హైదరాబాదు నిజాం కళాశాల మైదానంలో జరిగిన ఆనాటి సభకు రెండు లక్షల మంది వచ్చారని చెప్పుకొంటారు. ఏడేళ్ల పిమ్మట, 1997 ఏప్రిల్ 6న, ఆయన ఇంటికి వచ్చిన దుండగులు కాల్పులు జరిపారు. ప్రాణం దక్కింది గాని ఒక గుండు శరీరంలోనే ఉండిపోయింది. దానిని మోస్తూనే మరి ఇరువది ఆరేళ్లు ఆయన ఆడారు, పాడారు.

ఇది జీవితం. ఇక కళ సంగతి. ఆయన వేషం మనకు కొత్తది కాదు. భుజాన గొంగడి, కాళ్లకు గజ్జెలు, చేతిలో ఎఱ్ఱ గుడ్డ కట్టిన కఱ్ఱ. పొలాల గట్ల మీద గొఱ్ఱెల కాపరి ఎట్లుంటాడో అట్లే. ఒగ్గుకథ, బుర్రకథ, వీధి భాగోతం, ఎల్లమ్మ కథ ఆయనకు పాఠశాలలు. పాట ఎత్తుకొని రెండు చరణాలు కాగానే ఆపి, జనంతో మాట కలుపుతారు. నవ్విస్తారు. ఉన్నట్టుండి ఒక తల్లి ఏడుపును రాగంగా తీస్తారు. డప్పు మళ్లీ అందుకొనేసరికి వింటున్న జనమంతా వంతపాటగాళ్లయి ఉంటారు. ఒగ్గుకథ విని పెరిగినవారికి ఈ పద్ధతి ఇట్టే తెలిసిపోతుంది. కథకుడు ప్రశ్న వేయాలి, పక్కవాడు 'ఊ' కొట్టాలి. ఊకొట్టేవాడు లేనిదే కథ లేదు. గద్దర్ గారు చేసినదేమంటే, ఊకొట్టే ఆ పనిని పక్కవాని నుండి తీసి ఎదుట కూర్చున్న వేలమందికి అప్పగించారు.

బాణీలు కూడ ఎక్కువ భాగం జనానివే. నాట్లు వేసే ఆడవాళ్ల పాట, బతుకమ్మ చప్పట్లు, పిల్లను ఉయ్యాలలో ఊపే పాట, చనిపోయినవారి మీద పడి ఏడ్చే శోకం. ఆ బాణీలు అప్పటికే అందరి నోళ్లలో ఉన్నవి గనుక కొత్త మాటలు తేలికగా నిలిచేవి. చదువు రానివారికి పాట నేర్పడం ఎట్లా అన్న చిక్కును ఆయన ఈ విధంగా తీర్చుకొన్నారు. బాణీలు ప్రజల సొత్తని చెప్పడానికి ఆయన ఎన్నడూ వెనుదీయలేదు.

మనం ఉంటున్న ఈ మహారాష్ట్ర దేశానికి ఇట్టి పాటగాళ్లు కొత్తవారు కారు. ఇక్కడ వారిని షాహిర్లు అంటారు. సాంగ్లీ జిల్లా నుండి పొట్ట చేతబట్టుకొని బొంబాయి వచ్చిన అన్నాభావు సాఠే గారు మిల్లుకూలీల నడుమ పెరిగి షాహిరు అయ్యారు. సంయుక్త మహారాష్ట్ర ఉద్యమ కాలంలో ఆయన పాడిన 'మాఝీ మైనా గావావర్ రాహిలీ' అనే పాటలో, ఊళ్లో విడిచి వచ్చిన భార్యకోసం ఒక కూలివాని పలవరింత ఉన్నది. మన పాలమూరు, నల్లగొండ వాళ్లకు దాని అర్థం ఎవరూ చెప్పనక్కరలేదు. ఆయన, ఆయనకు తోటివాడైన అమర్ షేక్ గారు ఇద్దరూ 1969లోనే కన్నుమూశారు. 1943 మే నెలలో ఈ బొంబాయిలోనే పుట్టిన అఖిల భారత ప్రజానాట్య సంఘానికి ఆంధ్రదేశంలో రూపమే ప్రజానాట్యమండలి. బుర్రకథ నాజర్ గారు అందులోని వారే. ఆ మార్గంలోనే తరువాతి తరంలో జననాట్యమండలి వచ్చింది. కావున గద్దర్ గారి పాట తాతముత్తాతలలో ఒకరు బొంబాయివారే అని మనం కొంచెం గర్వంగా చెప్పుకోవచ్చును.

ఇంకొక సంగతి. జననాట్యమండలి పుట్టిన 1972లోనే, మన కామాఠిపురా పక్కసందులలో పెరిగిన నామ్‌దేవ్ ఢసాళ్ గారి 'గోల్‌పీఠా' అనే మరాఠీ కవితా సంపుటి వెలువడింది. ఇక్కడి బ్రతుకును ఉన్నదున్నట్లు చెప్పి మరాఠీ సాహిత్యాన్ని ఒక కుదుపు కుదిపింది. 1997లో గద్దర్ గారిపై కాల్పులు జరిగిన మూడు నెలలకు, ఘాట్‌కోపరు రమాబాయి నగరులో పోలీసు కాల్పులలో దళితులు చనిపోయారు. ఆ దుఃఖం భరించలేక ములుండు మురికివాడలో ఉండే షాహిరు విలాస్ ఘోగ్రే గారు జులై 15న ప్రాణం తీసుకొన్నారు. ఆనంద్ పట్వర్ధన్ గారి 'జై భీమ్ కామ్రేడ్' అనే 2011 నాటి చిత్రం ఆయన కథతోనే మొదలవుతుంది. పాటగానికి పాట ఎంత బరువో ఈ రెండు సంఘటనలు చెబుతాయి.

ఇక మన మెట్ల మీది చర్చలకు వస్తాను. గద్దర్ అభిమానులలో మూడు తగవులు ఉన్నవి. నేను విన్నంతలో అవి మూడు తరాల తగవులు.

మొదటిది, ఏ పాట ఎవరిది అన్న తగవు. 'బండెనక బండి కట్టి' గద్దర్ వ్రాసినదే అని యువకులు పందెం కాస్తారు. పందెం ఓడిపోతారు. అది నైజాము వ్యతిరేక పోరాట కాలంలో బండి యాదగిరి గారు కట్టిన పాట. అదే చిత్రంలోని 'పల్లెటూరి పిల్లగాడా' సుద్దాల హనుమంతు గారిది. పాడినవాని గొంతు గొప్పదైనప్పుడు వ్రాసినవాని పేరు మరుగున పడడం లోకసహజం. అయితే ఈ మరపు వల్ల నష్టం గద్దర్ గారికి కూడ కలుగుతుంది. తానొక్కడే ఆకాశం నుండి ఊడిపడలేదనీ, యాదగిరి, హనుమంతు వంటివారు వేసిన బాటలోనే నడిచాననీ చెప్పుకొనే గాయకునికి, వారి పేర్లను చెరిపి ఇచ్చే కీర్తి యెందుకు?

రెండవది, ఏ పాట పెద్దది అన్న తగవు. ముసలివారు 1970, 80లలోని పాటలకే ఓటు వేస్తారు. కుఱ్ఱవారికి 2011లో వచ్చిన 'జై బోలో తెలంగాణ' చిత్రంలోని 'పొడుస్తున్న పొద్దు మీద' తప్ప మరొకటి కనబడదు. ఆ పాటకు ఆయనను ఆ యేటి ఉత్తమ గాయకుడుగా నంది బహుమతికి ఎన్నుకొన్నారు. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన రాత్రి మన గల్లీలో ఎన్నిసార్లు ఆ పాట మ్రోగిందో లెక్కలేదు. ఆడవాళ్ల తీర్పు ఈ రెండిటికీ భిన్నం. వారు 1995 నాటి 'ఒరేయ్ రిక్షా' చిత్రంలోని 'నీ పాదం మీద పుట్టుమచ్చనై' అనే పాటనే ఎన్నుకొంటారు. వందేమాతరం శ్రీనివాస్ గారు పాడగా విన్న ఆ పాట అన్న చెల్లెలికి చెప్పుకొన్నది. అన్న బొంబాయిలో, చెల్లెలు అత్తవారి ఊళ్లో ఉండి, రాఖీకి కూడ రైలు టిక్కెట్టు దొరకని ఇండ్లలో ఆ పాటకు కన్నీరు రాకుండ ఉండదు. ఆ పాటకు ప్రభుత్వం ఇచ్చిన నంది బహుమతిని గద్దర్ గారు తిరస్కరించారు.

మూడవది అసలైన తగవు. ఇది ఆ పిల్లవాని ప్రశ్నకు దగ్గరది. గద్దర్ గారు చివరి దినాలలో మారిపోయారా? బ్యాలెట్ పెట్టెను నమ్మనివాడు 2018 ఎన్నికలలో మొదటిసారి ఓటు వేశారు. గుళ్లకు వెళ్లారు. 2023 జూన్‌లో స్వయంగా ఒక పార్టీ పేరు ప్రకటించారు. మరణించిన మరునాడు ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. ఒకప్పుడు నందిని కాదన్న ఆయన పేరుతోనే తెలంగాణ ప్రభుత్వం సినిమా బహుమతులు నెలకొల్పి, 2025 జూన్‌లో మొదటిసారి అందజేసింది. "గిదేం తీరు? జిందగీ అంత వద్దన్నదే ఆఖరుకు నెత్తిన వెట్టిరి" అని ఒకరంటారు. "ఆయన గుండు తిన్నడు. నువ్వేం తిన్నవ్? ముసలితనంల మనిషి మారొద్దా?" అని ఇంకొకరు లేస్తారు.

ఇందులో మూడవ గొంతు కూడ ఉన్నది. అది మా చాల్‌లో అందరికంటె తక్కువ మాట్లాడే ఒక విశ్రాంత మున్సిపల్ కార్మికునిది. ఆయన మేనల్లుడు ఊళ్లో, ఆ పాటల కాలంలో, అడవికి వెళ్లి తిరిగి రాలేదట. "పాట మంచిదే. పాట ఇని పోయిన పోరగాండ్లల్ల ఎందరు ఇంటికొచ్చిన్రు? అటు పోలీసోళ్ల తల్లులు ఏడ్చిరి, ఇటు మా అక్క ఏడ్సింది. గది సుత రాయుండ్రి" అన్నాడాయన నాతో. వ్రాస్తున్నాను. గద్దర్ గారు కూడ చనిపోయిన బిడ్డల తల్లుల శోకాన్నే ఎన్నో పాటలుగా కట్టారు. 2004లో ప్రభుత్వానికీ, నక్సలైట్లకూ జరిగిన శాంతి చర్చలలో వరవరరావు, కల్యాణరావు గార్లతో పాటు ఆయన ప్రతినిధిగా కూర్చున్నారు. ఆ చర్చలు ఫలించి ఉంటే ఎందరో తల్లులకు శోకం తప్పేది. అయినను ఆ కార్మికుని ప్రశ్నను ఏ పాటతోనూ కప్పిపెట్టరాదు. అభిమానం ఉన్నచోట కూడ లెక్క సరిగా వ్రాయాలి.

నా మట్టుకు నేను ఈ మూడవ తగవును ఇట్లు అర్థం చేసుకొన్నాను. గాయకుని బ్రతుకు గాయకునిది. అందులో మలుపులు ఉంటాయి, తప్పులు ఉంటాయి, మనస్సు మారడం ఉంటుంది. కాని ఆయన పాట కట్టిన పద్ధతిలోనే ఆ పాట ఆయన చేయి దాటిపోయింది. బాణీ జనం నుండి తీసుకొన్నారు; మాట చేర్చి జనానికి తిరిగి ఇచ్చారు. బదులు తెచ్చిన గిన్నెలో మరికాస్త వేసి తిరిగి ఇవ్వడం మన ఇండ్లలో మర్యాద. ఆ గిన్నె ఇప్పుడు మన ఇంట్లో ఉన్నది. తెచ్చి ఇచ్చినవాడు చివరకు ఏ దారిన పోయాడు అన్నదాని కంటె, గిన్నెను మనం ఏంచేశాం అన్నదే మనల్ని అడగవలసిన ప్రశ్న.

మనమేం చేశాం? ఈ సంగతి వచ్చినప్పుడు నాకు కొంత బెంగ కలుగుతున్నది. కామాఠిపురా అన్న పేరే మన వల్ల వచ్చింది. 1784లో హార్న్‌బీ వెల్లార్డ్ అనే అడ్డుకట్ట పూర్తయి, సముద్రపు నీరు చొచ్చే పల్లపు నేలలు ఆరిన పిమ్మట, నైజాము రాజ్యపు తెలుగు జిల్లాల నుండి వచ్చిన కూలీలు, మేస్త్రీలు ఇక్కడ స్థిరపడ్డారు. వారిని కామాఠీలు అన్నారు. ఈ నగరపు గోడలలో వారి చెమట ఉన్నది గాని వారి పేర్లు ఎక్కడా చెక్కలేదు. వారు గోడలు లేపుతూ పాడుకొన్న పాటలను ఒక్కటైనా మనం వ్రాసిపెట్టుకొన్నామా? మున్సిపాలిటీ తెలుగు బడులలో పిల్లల సంఖ్య యేటేటా తగ్గుతున్నది. ఈ పాత చాళ్లను పడగొట్టి మేడలు కట్టే ప్రయత్నాలు సాగుతున్నవి. ఇరుకు గదులలో మగ్గినవారికి మంచి ఇల్లు రావలసిందే, సందేహం లేదు. కాని ఇరువది అంతస్తుల మేడలో మా మెట్ల వంటి మెట్లు ఉండవు. తలుపు మూస్తే పక్కవాని పాట వినబడదు. ఊకొట్టేవాడు దొరకడు.

ఆనాడు ఆ పిల్లవానికి వాని తాత చివరకు జవాబు చెప్పాడు. వానిని ఒడిలోకి తీసుకొని, "బిడ్డా, దగా చేసినోన్ని గద్దార్ అంటరు. దగా చేసినోన్ని నిలదీసినోడు గద్దర్. రెండిట్లకు నడుమ ఒక్క దీర్ఘమే తేడా" అన్నాడు. అక్షరాలు రాని ముసలివాడు దీర్ఘం సంగతి ఎట్లు పట్టుకొన్నాడో! బహుశా పాడేవారికి ఎక్కడ సాగదీయాలో, ఎక్కడ ఆపాలో చదువు లేకున్నా తెలుస్తుంది. ఆ తరువాత ఫోను ఆపివేసి తానే ఒక పాట ఎత్తుకొన్నాడు. అది గద్దర్ గారి పాట కాదు. తన తల్లి వరినాట్లలో పాడినది. గద్దర్ గారి పాటలలో ఒకదాని బాణీ, దీని బాణీ ఒకటేనని విన్నవారికి తెలిసిపోయింది. వరండాలోని ముసలమ్మలు ఇద్దరు వంత అందుకొన్నారు. పిల్లవానికి మాటలు సగం తెలియలేదు. తెలిసిన చోట మాత్రం వాడు కూడ కలిపాడు.

మన సంఘం పెద్దలకు ఒక మనవి చేసి ముగిస్తాను. ఈ ఉగాది మొదలుకొని వచ్చే ఉగాదిలోపల, గల్లీకొక నోటుపుస్తకం పెట్టుకొందాం. అరువది దాటిన ప్రతి తల్లి దగ్గరకు, ప్రతి తాత దగ్గరకు మన పిల్లలను పంపి, వారికి వచ్చిన పాటలను వ్రాయిద్దాం. పిల్లల ఫోనులలో వారి గొంతులను పట్టిద్దాం. పాట కింద పాడినవారి పేరు, వారి ఊరి పేరు తప్పక వ్రాయాలి. బండి యాదగిరి గారికి జరిగినట్లు మరెవరికీ జరగకూడదు. పిల్లలకు తెలియని మాటలు వచ్చినచోట పక్కనే అర్థం వ్రాయించాలి. చాళ్లు పోయినా ఆ పుస్తకాలు కొత్త ఇండ్లకు మనతో వస్తాయి.

మన పక్కింటి మరాఠీ సోదరులు గుఢీ ఎత్తే ఈ దినాననే మనకు ఉగాది. అందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు.